తువ్వాలు అందించని అనసూయమ్మ

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర్నుంచి నాంపల్లి స్టేషను వైపు, పొద్దున ఏడున్నరకు, గంజి పెట్టిన తెల్లచీర కట్టుకున్న ఒకావిడ నడిచి వెళ్తుండేది. ఎడమ చేతిలో గొడుగు, కుడి చేతిలో పుస్తకాల సంచీ. ఎండా వానా ఏదీ లేకపోయినా గొడుగు ఉండాల్సిందే. ఆవిడను చూసి దుకాణాలవాళ్లు గడియారాలు సరిచేసుకునేవారని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, అది అబద్ధం. వారానికి రెండు రోజులైనా ఆవిడ ఆలస్యంగానే వెళ్లేది. స్టేషను ముందు పండ్ల గంప పెట్టుకుని కూర్చునే యాదవ్వ దగ్గర ఆగకుండా ముందుకు పోవడం ఆవిడకు చేతనయ్యేది కాదు.

ఆవిడ పేరు అనసూయ. ఢిల్లీ వెళ్లి నర్సింగులో మాస్టర్ డిగ్రీ తెచ్చుకున్న మనిషి. తెలిసినవాళ్లు ఎవరైనా ఆవిడ కథను ఆ డిగ్రీతోనే మొదలుపెడతారు. మనం మాత్రం ఒక తువ్వాలుతో మొదలుపెడదాం. అసలు గొడవంతా అక్కడే ఉంది.

నాంపల్లిలో ఆవిడ పనిచేసిన దవాఖాన పేరు ఇక్కడ అక్కర్లేదు. ఆ దవాఖానలో పొద్దున పది గంటలకు డాక్టర్ల రౌండు. డాక్టరు ఒక్కో మంచం దగ్గర రోగిని చూసి, చేతులు కడుక్కుని, తడి చేతులు ముందుకు చాపేవాడు. ఎటూ చూడకుండానే చాపేవాడు. వాటి మీద తువ్వాలు వచ్చి వాలాలి. ఈ పనికి ముగ్గురు నర్సులు. అందరికన్నా చిన్నది ఎనామిల్ బేసిన్ పట్టుకునేది. ఆమెకంటే పెద్దది సబ్బుపెట్టె పట్టుకునేది. తువ్వాలు మాత్రం వార్డు సిస్టర్‌ది. ఎడమ ముంజేతి మీద మడత నలగకుండా వేసుకుని ఆవిడ నడుస్తుంటే, ఆ ఠీవి చూసి తీరాలి. బేసిన్ నుంచి సబ్బుకు నాలుగేళ్లు, సబ్బు నుంచి తువ్వాలుకు మరో ఏడేళ్లు పట్టేది. నర్సులకు ప్రమోషన్ అంటే అదే.

మాట్లాడటానికీ అదే వరస. డాక్టరు అడిగితే తువ్వాలు జవాబు చెప్పాలి. తువ్వాలుకు తెలియకపోతే సబ్బు చెప్పవచ్చు. బేసిన్ మాత్రం నోరు విప్పకూడదు. ఇదంతా ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఎవరో ఒకరు ఎప్పుడో కొట్టేసి ఉండేవారు.

అనసూయ నర్సు సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని బయటికొచ్చింది యాభై ఆరులో, కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాది. ఆవిడ తండ్రి రామచందర్‌కు అబిడ్స్ సందులో కాగితాలు, సిరాబుడ్లు అమ్మే చిన్న దుకాణం ఉండేది. కూతురు నర్సు చదువు చదువుతానంటే ఆయన మూడు రోజులు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. నాలుగో రోజు నోరు విప్పి, "పో బిడ్డా. గానీ గల్లీల ఎవరన్న అడిగితే ఆఫీసుల పని అని చెప్త" అన్నాడు. అన్న మాట మీద నిలబడ్డాడు కూడా. ఏ ఆఫీసని ఎవరైనా గట్టిగా అడిగితే "పెద్దాఫీసు" అని, వెంటనే సిరాబుడ్లు తుడవడం మొదలుపెట్టేవాడు.

యాభై ఎనిమిదిలో ఒక శనివారం. అనసూయకు ఇరవై రెండేళ్లు. బేసిన్ పట్టుకునే నర్సు. నాలుగో వార్డులో పదో మంచం మీద యాదవ్వ అనే మనిషి. బేగం బజార్‌లో మిరపకాయల బస్తాలు మోసేది. బస్తాల వరస ఒరిగి మీద పడి కాలు విరిగింది. ముందురోజు సాయంత్రమే మోకాలి కింద నుంచి ప్లాస్టర్ కట్టు వేశారు.

పొద్దున పక్క దులపడానికి వెళ్లిన అనసూయ ఆమె కాలివేళ్లు ముట్టుకుని చూసింది. చల్లగా ఉన్నాయి. రెండో కాలివేళ్లు ముట్టుకుంది. వెచ్చగా ఉన్నాయి. "తిమ్మిరి తిమ్మిరి అయితున్నది సిస్టరమ్మా, జర కట్టు ఒదులు చేయరాదుండ్రి" అంది యాదవ్వ. కట్టు బిగిసిందని అనసూయకు అర్థమైంది. పది గంటలకు డాక్టరు వచ్చాడు. పదో మంచం దగ్గర కట్టును చూపుడువేలితో టకటకా కొట్టి "బాగున్నది" అన్నాడు. ఆయన చేతుల కింద బేసిన్ పట్టుకుని అనసూయ ఉంది. మూరెడు దూరం. నోరు తెరిచింది. తువ్వాలు సిస్టర్ ఒక్క చూపు చూసింది. నోరు మూసుకుంది. రౌండు అయిపోయాక సిస్టర్ దగ్గరికి పరిగెత్తి చెప్తే, "సరే, రేపు రౌండ్ల చెప్త" అందావిడ. ఆ రేపు ఆదివారం, రౌండు ఉండదు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

సోమవారం నాటికి వేళ్లు నల్లబడ్డాయి. మంగళవారం చీలమండ పైదాకా తీసేశారు.

ఆ తర్వాత అనసూయ చాలా పరీక్షలు రాసింది, చాలా మంది డాక్టర్ల కింద పనిచేసింది. ఆ శనివారం సంగతి మాత్రం ఎవరితోనూ చెప్పలేదు. యాదవ్వతో అసలే చెప్పలేదు. కట్టెకాలు, చేతికర్ర సాయంతో స్టేషను ముందు పండ్లు అమ్ముకుంటున్న మనిషి దగ్గర ఆగి, అక్కర్లేకపోయినా నాలుగు జామకాయలు కొనేది. దవాఖానలో బల్ల మీద ఎప్పుడూ జామకాయలే. అనసూయకు జామకాయలంటే ప్రాణమని అందరూ అనుకునేవారు. ఆవిడకు జామకాయ గింజలంటే పడేది కాదు.

అరవైలో ప్రహ్లాద్‌తో పెళ్లయింది. పెద్ద పోస్టాఫీసులో ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే ఉద్యోగం ఆయనది. ఏ పేరు చెప్పినా అది ఏ జిల్లాలో ఏ తాలూకానో చెప్పేవాడు, పెరుగు ఎక్కడుందో మాత్రం రోజూ అడిగేవాడు. ఒక ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోటి నుంచి ఆయన ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చాడు. అట్ట లేదు. ముందు నలభై పేజీలూ లేవు. నలభై ఒకటో పేజీ నుంచి వార్డును నర్సు ఎలా నడపాలో ఉంది. రోగి దగ్గర గంటలకొద్దీ ఉండేది నర్సు, ఆమె చూసింది ఆమే చెప్పాలి, అది వినకుండా వైద్యం చేయకూడదు అని ఉంది. అనసూయ ఆ పుస్తకాన్ని మూడుసార్లు చదివింది.

"ముందటి నలభై పేజీలల్ల ఏమున్నదో?" అంది ఒకరోజు.

"సదువుకో మరి, తెలుస్తది" అన్నాడు ప్రహ్లాద్, అదేదో సందు చివరి దుకాణానికి వెళ్లి రావడమైనట్టు.

అలా మొదలైంది. సెలవు పెట్టి ముందు బి.ఎస్సీ. నర్సింగు చేసింది. అరవై ఏడులో ఢిల్లీకి బయల్దేరింది. నాంపల్లి స్టేషనులో ఆమెను రైలెక్కించడానికి వచ్చిన చుట్టాలు, మొగుణ్ణి వదిలేసి చదువేమిటని గుసగుసలాడుతుంటే, మొగుడనేవాడు కిటికీలోంచి ఆవకాయ జాడీ అందిస్తూ మూత గట్టిగా ఉందో లేదో చూస్తున్నాడు. రెండేళ్లు వారానికి రెండు ఉత్తరాలు రాశాడు. ఉత్తరాల మీద పిన్ కోడు లాంటివి లేని రోజులు, అయినా ఒక్కటీ దారి తప్పలేదు.

ఢిల్లీ కాలేజీ లైబ్రరీలో ఆ పుస్తకం పూర్తిది దొరికింది. అనసూయ ఆత్రంగా మొదటి నలభై పేజీలు తిప్పింది. ముందుమాట, రాసినవాళ్ల పేర్లు, కృతజ్ఞతలు. అంతే. ఆ రోజు తను ఎంత నవ్విందో ప్రహ్లాద్‌కు ఎనిమిది పేజీల ఉత్తరం రాసింది.

డెబ్బై మొదట్లో, మాస్టర్ డిగ్రీతో, నర్సులకు పాఠాలు చెప్పే సిస్టర్ ట్యూటర్‌గా అదే దవాఖానకు వచ్చింది. మనసులో ఒకటే ఉంది. సర్టిఫికెట్ ఉన్న నర్సులకు అక్కడే డిగ్రీ తరగతి పెట్టాలి. ఎనిమిది సీట్లు చాలు. వార్డు నడపగల, చూసింది చెప్పగల, అవసరమైతే డాక్టరును ఆపగల నర్సులను ఆ ఎనిమిది సీట్లలోంచి తీయాలి.

సూపరింటెండెంట్ డాక్టర్ వామన్‌రావు. సంతకం ఆయనది. ఆయన చెడ్డవాడు కాదని ముందే చెప్పాలి. కత్తి పట్టుకుంటే చెయ్యి వణకదు, బీద రోగులకు తన టిఫిన్ డబ్బా ఇచ్చేసేవాడు. కాకపోతే, నర్సు అంటే తువ్వాలు అని ఆయన రక్తంలోనే ఉంది.

"అనసూయమ్మా, ఏందిది? నర్సులకు డిగ్రీ అంటే, రేపు వాళ్లు నాకే మందు రాసిస్తరా?"

"మందు కాదు డాక్టర్ సాబ్. మీరు లేని ఇరవై మూడు గంటలల్ల ఏమైందో మీకు చెప్తరు. ఒక్క రౌండు మా పద్ధతిల జరగనియ్యుర్రి, చూడుర్రి."

ఆయన ఒప్పుకున్నాడు. అనసూయ నాలుగో వార్డు నర్సులను కూర్చోబెట్టి చెప్పింది. రేపటి నుంచి బేసిన్ ఎవరూ పట్టుకోరు, చక్రాల స్టాండు మీద ఉంటుంది. తువ్వాలు ఆ స్టాండు కొక్కేనికి ఉంటుంది. ఎవరి చేతులు వాళ్లు తుడుచుకోవచ్చు. ప్రతి మంచం దగ్గరా ముందు మాట్లాడేది నర్సు.

మర్నాడు పది గంటలు. మొదటి మంచం. డాక్టరు చేతులు కడిగి, ఎటూ చూడకుండా చాపాడు. కొక్కేనికున్న తువ్వాలును తీసి, మడత సరిచేసి, ఆ చేతుల మీద వేసింది ఎవరనుకున్నారు? ఢిల్లీ మాస్టర్ డిగ్రీ అనసూయమ్మే. పద్నాలుగేళ్ల అలవాటు. చెయ్యి తనంతట తనే వెళ్లింది. వేశాక గానీ తెలియలేదు ఆవిడకు.

వెనకాల నర్సులు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. డాక్టరు తాపీగా చేతులు తుడుచుకుని, "శభాష్. ఢిల్లీల మంచిగనే నేర్పిన్రు" అన్నాడు. తువ్వాలు మళ్లీ సిస్టర్ ముంజేతి మీదికి వచ్చేసింది.

ఇంటికొచ్చి అనసూయ తలుపేసుకుని ఏడ్చింది. తన చేతుల మీదే కోపం. ఈ చేతులే ఆనాడు బేసిన్ వదల్లేదు, ఈనాడు తువ్వాలు వదల్లేదు. ప్రహ్లాద్ అంతా విని, పెరట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, ఆమె ముందు తడి చేతులు చాపి నిలబడ్డాడు.

"ఏంది గిది?"

"ఇయ్యకు. సూద్దాం ఎంతసేపు ఆగుతవో."

ఆమె చెయ్యి అప్పటికే దండెం వైపు వెళ్లింది. ఇద్దరూ ఆ చెయ్యినే చూశారు. తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి ఏడాది పాటు, భోజనమైన ప్రతిసారీ ఆయన తడి చేతులు చాపడం, ఆవిడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి రోగి వివరాలు ఒప్పజెప్పడం. చివరికి ఆయన పంచెకే తుడుచుకునేవాడు. ఆ ఏడాది ఆ ఇంట్లో ఉతికిన పంచెలకు లెక్కలేదు.

దవాఖానలో మరో పని మొదలుపెట్టింది. దుప్పట్లు, తువ్వాళ్లు దాచే గదిలో, మధ్యాహ్నం డ్యూటీ మారే వేళ, ఇష్టమున్న నర్సులకు పాఠం. ఎవరూ ఇవ్వని సర్టిఫికెట్‌కు, ఎక్కడా లేని పరీక్షకు చదువు. దుప్పట్ల కట్టల మీద కూర్చుని రాసుకునేవారు. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. ప్లాస్టర్ కట్టిన కాలివేళ్లు ముట్టుకో. రెండో కాలివేళ్లు ముట్టుకో. గోరు నొక్కి వదులు, ఎరుపు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూడు. గంట రాసుకో. చెప్పు. వినకపోతే మళ్లీ చెప్పు.

ఆ గదికి ఒక్కరోజు కూడా మానకుండా వచ్చింది కామాక్షి. యాభై ఆరులో ప్రభుత్వ ఫైళ్లతో పాటు కర్నూలు నుంచి దిగిన కోస్తా గుమాస్తా కూతురు, ఖైరతాబాద్ నుంచి బస్సులో వచ్చేది. తెలివైన పిల్ల, కానీ గొంతు పీలగా ఉండేది. డాక్టర్ల ముందు ఆ పీలగొంతు కూడా మాయమయ్యేది. "పాఠం వచ్చండీ, గొంతే రావట్లేదు" అనేది.

"నా గొంతు గూడ ఒకసారి రాలే కామాక్షీ. గది నీకు వద్దు" అనేది అనసూయ. అంతకుమించి చెప్పేది కాదు.

డెబ్బై ఒకటి ఫిబ్రవరిలో డిగ్రీ తరగతి అర్జీ కదిలింది. ముగ్గురు సభ్యుల తనిఖీ కమిటీ వస్తుందని కబురొచ్చింది. మద్రాసు నుంచి వచ్చే ఒక పెద్దావిడ దానికి అధ్యక్షురాలు. వామన్‌రావు అనసూయను పిలిచాడు.

"చూడు, నేను ముందుగాలనే చెప్తున్న. కమిటీ ముందట నాలుగో వార్డుల నీ పద్ధతిలనే రౌండు చేద్దాం. నీ పిల్లలే ముందు మాట్లాడనీ. గానీ ఆనాటి లెక్క నువ్వు గానీ నీ పిల్లలు గానీ నాకు తువ్వాలు అందిస్తే, ఈ క్లాసు ముచ్చట మళ్ల ఎత్తొద్దు. అందియ్యకుంటే సంతకం పెడ్త."

"మాటంటే మాటేనా డాక్టర్ సాబ్?"

"వామన్‌రావు మాట."

ఎనిమిది సీట్లు ఒక తువ్వాలు మీదికి వచ్చి పడ్డాయి. కమిటీ వచ్చే ముందురోజు భోజనమయ్యాక ప్రహ్లాద్ రెండుసార్లు చేతులు కడుక్కున్నాడు.

కమిటీ వచ్చిన రోజు నాలుగో వార్డు కడిగిన ముత్యంలా ఉంది. మంచాల వరస, స్టాండు మీద బేసిన్, కొక్కేనికి తువ్వాలు. తువ్వాలు కొక్కెం సరిగ్గా అనసూయ భుజం పక్కన ఉంది. ఎవరు పెట్టారో ఏమో, వామన్‌రావే పెట్టించి ఉంటాడు. కామాక్షి నోటుపుస్తకం పట్టుకుని ముందు నిలబడింది. ఒకటి నుంచి తొమ్మిది మంచాల దాకా ఆమె చెప్పింది, డాక్టరు తల ఊపాడు, తన తువ్వాలు తానే తీసుకున్నాడు, నవ్వుకుంటూ. మద్రాసు పెద్దావిడ ఏదో రాసుకుంది. బాగానే ఉంది, కానీ ఇందులో కొత్తేముందన్నట్టు ఉంది ఆవిడ ముఖం.

పదో మంచం. విద్యావతి అనే బడి పంతులమ్మ. రిక్షా బోల్తాపడి కాలు విరిగితే, ముందురోజు సాయంత్రం వామన్‌రావే స్వయంగా కట్టు వేశాడు. తన పనితనం కదా, కామాక్షి నోరు విప్పేలోపే ఆయన కట్టును వేలితో టకటకా కొట్టి, "ఇది బాగున్నది. నడువుర్రి" అని, చేతులు కడుక్కుని, అలవాటు కొద్దీ ఎటూ చూడకుండా చాపాడు.

ఆ టకటక అనసూయ ఇంతకుముందు విన్నదే. అదే వార్డు, అదే మంచం, అదే చప్పుడు.

"ఒక్క నిమిషమండి" అంది కామాక్షి. గొంతు పీలగానే ఉంది, కానీ ఉంది. "ఏడింటికి ఈవిడ కాలివేళ్లు వెచ్చగా ఉన్నాయండి. ఎనిమిదిన్నరకు గోరు నొక్కితే ఎరుపు తిరిగి రావడం ఆలస్యమైంది. పావు తక్కువ పదికి చల్లబడ్డాయి. హౌస్ సర్జన్‌గారికి కబురంపానండి, ఆపరేషన్‌లో ఉన్నామన్నారు. మందిచ్చినా నొప్పి పెరుగుతోంది. వేలు కాస్త పైకి లాగితే కేక పెడుతున్నారు. కట్టు బిగిసిందండి. ఇప్పుడే కోయాలి."

"నిన్న నేనే కట్టిన" అన్నాడు వామన్‌రావు.

"తెలుసండి. నిన్న సరిగ్గానే ఉంది. రాత్రికి కాలు వాచింది. కోయాలండి."

ఆయన మంచం వైపు తిరిగాడు. వేళ్లు ముట్టుకోబోయి ఆగాడు. తడి చేతులకు వేడీ చలీ తెలియదు. తువ్వాలు కోసం చేతులు ఇంకాస్త చాపాడు. ఇప్పుడది పందెం కాదు, నిజంగానే కావాలి. నీళ్లు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి. అనసూయ కుడిచెయ్యి కదిలింది. కొక్కెం దాకా వెళ్లింది. వేలికొసలకు బట్ట తగిలింది కూడా. ఆవిడ ఆ చేతిని వెనక్కి తెచ్చుకుని, రెండో చేత్తో మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగినంత గట్టిగా.

వామన్‌రావు ఆవిడ ముఖంలోకి చూశాడు. తర్వాత ఇస్త్రీ చేసిన తన తెల్లకోటుకే రెండు చేతులూ బర్రున తుడుచుకుని, వంగి, విద్యావతి వేళ్లు పట్టుకున్నాడు. రెండో కాలివేళ్లు పట్టుకున్నాడు. గోరు నొక్కి వదిలాడు. మళ్లీ నొక్కాడు.

"ఔ" అన్నాడు నెమ్మదిగా. "చల్లగున్నయి. కట్టర్ తెండి. జల్ది!"

తనే కోశాడు, పై నుంచి కింది దాకా. లోపలి దూదిని కూడా చీల్చాడు. పది నిమిషాలకు వేళ్లకు రంగు తిరిగింది. విద్యావతి అరగంట నుంచి పళ్ల బిగువున ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. కామాక్షి గంట చూసి నోటుపుస్తకంలో రాసుకుంది.

మద్రాసు పెద్దావిడ, ఇది కమిటీ కోసం సిద్ధం చేసింది కాదు కదా అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. వామన్‌రావుకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది. "నాటకమైతే నేనే ఆడాలె అమ్మా. కట్టు నాది" అన్నాడు. ఈ పిల్లకు అదృష్టం కలిసొచ్చిందని తర్వాత అన్నవాళ్లూ ఉన్నారు. అదృష్టం కాదు. ఆ వార్డులో ఏడాదిగా ప్రతి ప్లాస్టర్ కాలివేళ్లనూ ఎవరో ఒక నర్సు గంట గంటకూ ముట్టుకుంటూనే ఉంది. చూసేవాళ్లు ఉన్న రోజున జరిగింది, అంతే తేడా.

కమిటీ వెళ్లాక వామన్‌రావు అనసూయను తన గదికి పిలిచి, కలం మూత తీశాడు.

"అనసూయమ్మా, యాభై ఎనిమిదిల ఒకామె కాలు తీసిన, గదే మంచం మీద ఉండె. బేగం బజార్ల మూటలు మోసే మనిషి. ఇప్పటికీ యాదికొస్తది. ఆనాడు నాకు ఒక్కరు గూడ చెప్పలే."

"నాకు ఎర్కే డాక్టర్ సాబ్. పొద్దుగాల్నే ముట్టుకొని చూసిన. చల్లగున్నయి."

"నువ్వా? మరెందుకు చెప్పలే?"

"నేను బేసిన్ పట్టుకున్న. బేసిన్ మాట్లాడొద్దు గద."

పదమూడేళ్లలో మొదటిసారి ఆ మాట బయటికొచ్చింది. వామన్‌రావు కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు. దాని కింద, ఎవరూ అడక్కుండానే, తరగతికి గదీ కుర్చీలూ దవాఖానే ఇస్తుందని తన చేత్తో రాశాడు.

మర్నాడు పొద్దున అనసూయ యాదవ్వ గంప దగ్గర ఆగింది. నాలుగు జామకాయలు సంచీలో వేయించుకుని, నిలబడే మొత్తం చెప్పేసింది. శనివారం పొద్దున, చల్లటి వేళ్లు, తెరిచి మూసిన నోరు. యాదవ్వ చేతిలో తక్కెడ అట్లాగే ఉండిపోయింది.

"నీకు ఎర్కేనా?" అంది చివరికి. "గిన్నేండ్లు నా దగ్గర కాయలు కొన్నవ్. గిన్నేండ్లు ఎర్కేనా?"

"ఔ."

"కాయలు ఈడ పెట్టి పో."

అనసూయ కాయలు గంపలో పెట్టింది. జులైలో క్లాసు మొదలవుతుందని, మొదటి రోజు యాదవ్వ వచ్చి ఆ శనివారం గురించి తన నోటితో నర్సులకు చెప్పాలని అడిగింది. యాదవ్వ మొహం తిప్పుకుంది. ఆ తర్వాత అయిదు నెలల పాటు అనసూయ రోజూ ఆ దారినే నడిచింది, రోజూ పలకరించింది, ఒక్కరోజూ జవాబు రాలేదు. దారి మార్చుకోవడం మాత్రం ఆవిడకు తోచలేదు.

జులైలో తరగతి మొదలైంది. దుప్పట్ల గదే తరగతి గది. ఒక గోడకు అల్మారాల్లో తువ్వాళ్లు అలాగే ఉన్నాయి, మిగతా చోట ఎనిమిది కుర్చీలు. కామాక్షి ముందు వరసలో కూర్చుంది. రామచందర్ ఎనిమిది లావుపాటి నోటుపుస్తకాలు మోసుకొచ్చాడు. ఈ మధ్య ఆయన దుకాణంలో సిరాబుడ్లకు వచ్చినవాళ్లంతా ఒక కబురు విననిదే బయటపడలేకపోతున్నారు. "మా బిడ్డ నర్సు. నర్సులకు సదువు చెప్పే నర్సు" అంటున్నాడు. ప్రహ్లాద్ పోస్టాఫీసుకు పూట సెలవు పెట్టి, గుమ్మం పక్కన ఉతికిన పంచెలో నిలబడ్డాడు. అధ్యక్ష స్థానంలో వామన్‌రావు.

బయట జోరుగా వాన. పది గంటలకు అనసూయ మాట్లాడటానికి లేచింది. మాట మొదలుపెట్టబోతుంటే నడవాలో కర్ర చప్పుడు వినిపించింది. టక్, తర్వాత ఒక అడుగు. మళ్లీ టక్.

గుమ్మంలో యాదవ్వ నిలబడి ఉంది. స్టేషను నుంచి వానలో నడిచి వచ్చింది. కొంగు చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. గదినీ, కుర్చీలనూ, తెల్లచీరల ఎనిమిది మందినీ చూసింది. వామన్‌రావును గుర్తుపట్టింది. ఆయనా గుర్తుపట్టాడు, తన కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీని ఆమె దగ్గరికి జరిపాడు. ఆయన లేవడంతో ఎనిమిది మంది నర్సులూ లేచారు, అది ఎవరి కోసమో వాళ్లకు ఇంకా తెలియదు.

యాదవ్వ కూర్చుంది. కర్ర గోడకు ఆనించి, తడిసిన చేతులు రెండూ ముందుకు పట్టుకుని, తుడుచుకోవడానికి పొడి కొంగు లేక అటూ ఇటూ చూసింది.

అనసూయ అల్మారా తెరిచి, అన్నిటికన్నా మెత్తటి తువ్వాలు తీసి, మడత విప్పి, ఆ చేతుల మీద వేసింది. ఈసారి చెయ్యి తనంతట తను వెళ్లలేదు. ఆవిడే పంపింది. ఆవిడకు గుండె నిండా గర్వం, కళ్ల నిండా నీళ్లు, రెంటినీ దాచుకోలేదు.

యాదవ్వ చేతులు తుడుచుకుంది. మొహం తుడుచుకుంది. తువ్వాలు ఒళ్లో పెట్టుకుంది.

"యాడికెల్లి చెప్పాలె సిస్టరమ్మా?" అంది.

"శనివారం పొద్దుగాల నుంచి చెప్పు యాదవ్వా" అని, అనసూయమ్మ వెళ్లి నర్సుల పక్కన నిలబడింది.